పది తలలు, ఒకే నెగెటివ్

1961వ సంవత్సరం తెలుగు సినిమాకు ఏమిచ్చిందని అడిగితే పాటల ప్రియులు పాటలు చెబుతారు, ఎన్టీఆర్ అభిమానులు ఎన్టీఆర్ అంటారు. నన్నడిగితే రెండు షాట్లు చెబుతాను. జనవరిలో వచ్చిన ‘సీతారామ కల్యాణం’లో రావణుడి పది తలలు ఒకటి. ఆగస్టులో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో శివశంకరి పాట దగ్గర ఒకే ఫ్రేములో ఒకరు పాడుతుంటే మిగిలినవాళ్లు వాయిద్యాలు అందుకునే నలుగురైదుగురు ఎన్టీఆర్‌లు రెండోది. అప్పటికి మద్రాసు స్టూడియోల్లో కంప్యూటర్ ఊసే లేదు. ఉన్నదల్లా ఒక కెమెరా, కాస్త నల్ల అట్ట, నాలుగు దీపాలు, ఒకే ఒక్క నెగెటివ్. వాటి వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఒక మనిషి. రెండో షాట్ తీసిన మార్కస్ బార్ట్లీ పేరు కాస్తో కూస్తో మనవాళ్లకు తెలుసు. మొదటి షాట్ తీసిన రవికాంత్ నగాయిచ్ పేరు ఆదోని బస్టాండులో నిలబడి పదిమందిని అడగండి. ఒక్కరు చెప్పినా గొప్పే. పది తలల రావణుడు మాత్రం అందరికీ తెలుసు! ఇంతకంటే అన్యాయం ఇంకొకటి ఉంటుందా?

నగాయిచ్ మనవాడు కాదు. ఉత్తరాది నుంచి మద్రాసు చేరినవాడు. కెమెరామన్‌గా ఆయనకు ‘సీతారామ కల్యాణం’ మొదటి సినిమా. ఎన్టీఆర్‌కూ దర్శకుడిగా అదే మొదటిది. సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ సినిమా, తానే రావణుడు, అయినా తెర మీద దర్శకుడిగా పేరు వేసుకోలేదు. దర్శకుడికీ కొత్తే, కెమెరామన్‌కూ కొత్తే. పౌరాణికాల్లో ఆరితేరిన కెమెరామన్‌లు చుట్టూ ఉండగా పేరు లేని ఒక కుర్రవాడి చేతిలో అంత బరువు పెట్టడం ఎన్టీఆర్ గుండె నిబ్బరం. ఆ బరువును దించకుండా మోయడం నగాయిచ్ పనితనం.

ఆ పనితనం ఏమిటో వివరంగా చెప్పాలి. చూసినవాళ్లంతా ‘భలే తీశారు’ అని ఊరుకున్నారు గానీ ఎలా తీశారో మనకెవరూ విడమరచి చెప్పలేదు.

పద్ధతి పేరు మాస్క్. లెన్సు ముందు ఒక చిన్న పెట్టె బిగిస్తారు. అందులో నల్లగా ఉండే అట్టో, పలుచటి రేకో పెడతారు. ఫ్రేములో ఏ భాగం మీద వెలుగు పడాలో అక్కడ మాత్రం కత్తిరించి ఖాళీ ఉంచుతారు. మిగతా భాగమంతా ఫిల్ముకు చీకటి. రావణుడి నడి తల, మొండెం, సింహాసనం మొదటిసారి తీశారనుకోండి. చుట్టూ ఉన్న తొమ్మిది తలల చోటు ఫిల్ము మీద ఇంకా ఏమీ పడనట్టే ఉంటుంది. ఇప్పుడు లెన్సు మూసి, ఫిల్మును మొదలుపెట్టిన ఫ్రేము దాకా వెనక్కి తిప్పాలి. దగ్గర దగ్గర అంటే కుదరదు, సరిగ్గా అదే ఫ్రేముకు రావాలి. కెమెరా పక్కనున్న లెక్కల చక్రమే దిక్కు. మాస్క్ మార్చి, నటుణ్ని జరిపి, పక్క తల కోసం మళ్లీ అదే ఫిల్మును నడపాలి. ఆ తర్వాత మళ్లీ వెనక్కి, మళ్లీ మాస్క్, మళ్లీ తల. ఏడో తల దగ్గర పొరపాటు జరిగితే ఏడోది ఒక్కటే పోదు. అంతకుముందు తీసిన ఆరూ దానితోపాటే పోతాయి. పోయిన సంగతి కూడా అప్పుడు తెలియదు. ఇప్పటిలా పక్కన తెర లేదు. ల్యాబులో కడిగి, ప్రింటు వేసి, ఆడించి చూస్తే గానీ ఎవరి తల ఎక్కడుందో దేవుడికే ఎరుక.

ఇంతలోనే ఇంకెన్ని గండాలో! కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. స్టాండు కాళ్లు నేలకు బిగించి, దాని దరిదాపుల్లోకి ఎవరినీ రానివ్వరు. కెమెరా కదలకపోయినా లోపల ఫిల్ము ఊగితే అంతే సంగతులు. అందుకే ఇలాంటి షాట్లకు మిచెల్ కెమెరా అంటే ప్రాణం పెట్టేవారు. ప్రతి ఫ్రేమునూ దాని అంచు రంధ్రాల్లో పిన్నులు దూర్చి బిగపట్టి, ఆ తర్వాతే వెలుగు చూపిస్తుంది ఆ యంత్రం. ఫిల్ము ఇసుమంత ఊగినా నడి తల స్థిరంగా ఉండి పక్క తల వణుకుతుంది. రావణుడు భయపెట్టాల్సింది పోయి నవ్వు తెప్పిస్తాడు. తర్వాత వెలుగు. మొదటి తలకు ఎంత పడిందో పదో తలకూ అంతే పడాలి. మధ్యలో కరెంటు కాస్త తగ్గితే ఒక ముఖం మసకబారుతుంది. ఆ తర్వాత మాస్క్ అంచు. రెండు మాస్కుల మధ్య సందు మిగిలితే తెర మీద తెల్ల గీత, ఒకదాని మీదకు ఒకటి వస్తే నల్ల గీత. మాస్క్ లెన్సుకు దగ్గరగా ఉంటే అంచు మెత్తబడుతుంది, దూరం జరిపితే పదునెక్కుతుంది. లెన్సు కన్ను ఎంత తెరిచామన్నదాన్ని బట్టి కూడా అది మారిపోతుంది. ఈ లెక్కలన్నీ చేతివేళ్ల మీద ఉన్నవాడికే ఆ గీత మాయమవుతుంది.

ఆ షాట్ కోసం ఎన్టీఆర్ పది గంటలకు పైగా మెడ కదపకుండా నిలబడ్డారని చెప్పుకుంటారు. ఒక తల తర్వాత ఒక తల, అదే కిరీటం, అదే కోపం, అదే కంటి చూపు. గొప్ప నటుడే, కాదన్నదెవరు? అయితే ఆ పది గంటలూ కెమెరా పక్కన నిలబడినవాడి సంగతి కూడా చెప్పండి మరి! నటుడి తప్పు మరో టేకుతో సర్దుకుపోతుంది. ఇక్కడ కెమెరామన్ తప్పుకు మరో రోజు పోతుంది, మరో డబ్బా నెగెటివ్ పోతుంది, మొదటి సినిమాకే పేరు పోతుంది.

నిజానికి ఈ విద్య సినిమా అంత పాతది. ఫ్రాన్సులో గారడీలు చేసుకునే జార్జ్ మెలియెస్ 1898లోనే తన తల తీసి బల్ల మీద పెట్టి, అలా నాలుగు తలలు చూపించాడు. 1900లో తీసిన చిన్న సినిమాలో ఆయనే ఏడుగురై బ్యాండు వాయించాడు. మన దగ్గర ఫాల్కే మొదలుపెట్టింది కూడా పురాణంతోనే, మాయలతోనే. ఇంతకంటే చరిత్ర నేను చెప్పను. నాకు పని ముఖ్యం. మెలియెస్ నల్ల తెర ముందు నిలబడి తీసుకున్నాడు, నిడివి కూడా నిమిషమో రెండు నిమిషాలో. శివశంకరి పాటలో బార్ట్లీకి ఆ వెసులుబాటు లేదు. వెనక సెట్టు ఉంది, ముందు పెండ్యాల బాణీ ఉంది, ఘంటసాల స్వరం పరుగెడుతోంది. మృదంగం మీద పడే వేలు, పాడే పెదవి వేర్వేరు సార్లు తీసినవైనా ఒకే తాళానికి కలవాలి. కె.వి.రెడ్డి చేతిలో స్టాప్‌వాచ్ ఎందుకుండేదో ఆ షాట్ చూస్తే తెలుస్తుంది. ప్రతి సన్నివేశాన్నీ సెకండ్లలో కొలిచి పెట్టుకునే దర్శకుడు దొరికితేనే ఇలాంటి కెమెరా పని సాగుతుంది.

కె.వి.రెడ్డి పేరు వచ్చింది గనుక సీమవాడిగా నా అభిమానం దాచుకోను. ఆయనది తాడిపత్రి. బళ్లారి రాఘవ పుట్టిందీ ఆ తాడిపత్రిలోనే. 1953 దాకా మా ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. నాటకమంటే చెవి కోసుకునే గడ్డ ఇది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడి మొదలైన సురభి కుటుంబాలు సినిమా కంటే ఎంతో ముందే రంగస్థలం మీద ఈ మాయలన్నీ చేసి చూపించాయి. గాల్లో తేలే మనుషులు, నిప్పులు కక్కుతూ ఎదురెదురుగా వచ్చే బాణాలు, ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే లడ్డూలు ‘మాయాబజార్’ సినిమా రాకముందే సురభి ‘మాయాబజార్’లో ఉన్నాయి. నల్ల తీగ, నల్ల తెర, చీకటి ఎక్కడ ఉంచాలో తెలిసిన దీపం. ఇవే వాళ్ల సరంజామా. తెలుగు ట్రిక్ ఫొటోగ్రఫీకి తల్లివేరు హాలీవుడ్‌లో ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. యంత్రం అక్కణ్నుంచి వచ్చి ఉండవచ్చు. కన్ను మాత్రం సీమ నాటకాల గుడారంలోనే తెరుచుకుంది.

1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజనం పాట ఇప్పుడు మళ్లీ చూడండి, పాట వినకుండా, చేతుల కేసి చూడకుండా, పళ్లెం అంచునే చూడండి. తీగతో లాగింది కొంత, కెమెరా ఆపి వస్తువు జరిపి మళ్లీ నడిపింది కొంత, వెనక్కి నడిపి తీసింది కొంత. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో పట్టుకోవాలని ఎన్నిసార్లు చూసినా ఎస్.వి.రంగారావు కళ్లు మనల్ని మళ్లీ తన వైపే తిప్పేసుకుంటాయి. అసలు మెళకువ అదే. మాయ జరిగే చోటు నుంచి చూపు తప్పించే నటుడు, ఆ తప్పించిన క్షణాన్ని వాడుకునే కెమెరామన్.

అదే సినిమాలో ద్వారక. మాధవపెద్ది గోఖలే, కళాధర్ చేతుల్లో తయారైన బొమ్మల నగరం. యాభై అడుగుల మేర స్థలంలో మూడు వందల దాకా చిన్న చిన్న ఇళ్లు కట్టారని అంటారు. బొమ్మను నగరంగా చూపించడం అట్టముక్కల పని కాదు, లెక్కల పని. పదహారో వంతు సైజులో కట్టిన కోట కూలితే, మామూలు వేగంతో తీసినప్పుడు అగ్గిపెట్టెలు దొర్లినట్టుంటుంది. కెమెరాను నాలుగింతల వేగంతో, అంటే సెకనుకు 96 ఫ్రేములు నడిపితే అది బరువుగా, రాజసంగా, కోటలాగే కూలుతుంది. పదహారుకు వర్గమూలం నాలుగు. అంతే సూత్రం. కానీ నీటి బొట్టును, నిప్పు రవ్వను ఏ సూత్రమూ చిన్నది చేయలేదు. అందుకే పనివాడైన కెమెరామన్ బొమ్మ నగరంలో నీళ్లనూ మంటనూ ఆచితూచి పెడతాడు. బార్ట్లీ తీసిన ద్వారక పక్కన దీపాలు కూడా పొదుపే. ఎక్కడ చూపించాలో తెలిసినవాడు గొప్పవాడైతే, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు ఇంకా గొప్పవాడు.

అదే ‘మాయాబజార్’లోని వెన్నెల సంగతి కూడా చెప్పకపోతే బార్ట్లీ అభిమానులు నన్ను ఊరుకోనివ్వరు. పడవ పాట. ఎన్నూరు దగ్గర నీళ్ల మీద కొన్ని సెకండ్ల ముక్క తీసుకొచ్చి, మిగతాదంతా స్టూడియో ఫ్లోరులోనే తీశారంటారు. నలుపు తెలుపు సినిమాలో వెన్నెల అంటే చీకటి తగ్గించడం కాదు. వెనక నుంచి గట్టి దీపం నీటి మీద పడి తళుక్కుమనాలి, ముఖాల మీద మెత్తటి వెలుగు ఉండాలి, నీడలు పూర్తిగా నల్లబడకుండా బూడిద రంగులో ఆగిపోవాలి. పట్టపగలు తీసి రాత్రి అనిపించాలంటే లెన్సుకు ఎర్ర ఫిల్టర్ తగిలించి నీలాకాశాన్ని నల్లబరుస్తారు. ఆ ఎరుపే పెదవుల్ని తెల్లగా చేసి పాడుచేస్తుంది. దానికి మేకప్‌మన్‌తో ముందే మాట్లాడి రంగు మార్చుకోవాలి. ‘స్వర్గసీమ’ నుంచి ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ దాకా వెలుగును అంత మెత్తగా పట్టుకున్న చేయి మరొకటి లేదు. మలయాళంలో రంగుల ‘చెమ్మీన్’ తీసిందీ ఆయనే. ఇంత చెప్పాక కూడా, వెన్నెలకు బార్ట్లీ, మాయకు నగాయిచ్ అనే నా మాట మార్చుకోను.

ఎందుకంటే నగాయిచ్ 1961తో ఆగిపోలేదు. 1962లో ఎన్టీఆర్ దర్శకత్వంలోనే ‘గులేబకావళి కథ’. 1964లో తాపీ చాణక్య దర్శకత్వంలో, డి.రామానాయుడు సురేష్ ప్రొడక్షన్స్ మీద తీసిన ‘రాముడు భీముడు’. ఎన్టీఆర్ మొదటి ద్విపాత్రాభినయం. పది తలల కంటే ఇద్దరు మనుషులు తేలిక అనుకుంటాం. నా మాట నమ్మండి, ఇది అంతకంటే కష్టం. పది తలల రావణుడు దేవతల కథలోవాడు, ప్రేక్షకుడు ఎలాగూ మాయను ఒప్పుకుని కూర్చుంటాడు. రాముడూ భీముడూ మన వీధిలో తిరిగే మనుషులు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటే మాయ అనే ఆలోచనే రాకూడదు.

ఫ్రేమును నిలువుగా రెండు ముక్కలు చేసి, ఎడమవైపు మూసి కుడివైపు ఒకడిని తీయాలి. ఫిల్ము వెనక్కి తిప్పి, నటుడు వేషం మార్చుకుని వచ్చాక రెండోవైపు తీయాలి. అతుకు గీతను దాచడానికి ద్వారబంధం అంచో, స్తంభం నీడో, తెర మడతో వెతుక్కుంటారు. గీత దాటి చేయి చాపితే చేయి తెగిపోతుంది. కాబట్టి నటుడి కదలిక గీత దగ్గర ఎక్కడ ఆగాలో నేల మీద సుద్దతో గుర్తు పెడతారు. అవతల లేని మనిషి కళ్లలోకి చూడాలి. ఆ కళ్ల ఎత్తున ఒక కర్ర నిలబెట్టి దాని కొనను చూడమంటారు. మొదటివాడు మాట ఎన్నో సెకనులో ముగించాడో రాసిపెట్టుకుని, రెండోవాడు సరిగ్గా అక్కడ అందుకోవాలి. భుజం మీదుగా తీసే షాట్లలో వీపు మాత్రమే కనిపించడానికి ఎన్టీఆర్ కొలతలున్న మనిషి కావాలి. కైకాల సత్యనారాయణ ఎన్టీఆర్‌కు డూపుగా నిలబడిన కాలమది. ఇన్ని కలిస్తే ఒక చిన్న సంభాషణ. ‘రాముడు భీముడు’ ఆ తర్వాత తమిళంలో ‘ఎంగ వీట్టు పిళ్లై’ అయింది, హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’ అయింది. ఎం.జి.ఆర్.కూ దిలీప్‌కుమార్‌కూ కథ ఇక్కణ్నుంచే వెళ్లింది. 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’లో మళ్లీ నగాయిచ్ కెమెరా ముందే ఎన్టీఆర్ కృష్ణుడూ సుయోధనుడూ అయ్యాడు.

ఎమ్మిగనూరు గురించి ఇక్కడ ఒక మాట. మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టిన ఊరు. మగ్గం మీద పెరిగిన కళ్లు అక్కడివి. ఒక ద్విపాత్రల సినిమాకు వెళ్లినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలి నేతగాడు చీకట్లోనే నా మోచేయి తట్టి, ‘ఆ తలుపు చెక్క అంచు సూడప్పా, ఆడుంది అతుకు’ అన్నాడు. నాకు కనపడలేదు. ‘ఉండేది ఉంటాదిలే, కనపడకుండా చేసినోడు మొనగాడు’ అని తనే మళ్లీ అన్నాడు. పోగు తెగిన చోట ముడి వేసి, ఆ ముడి బట్టలో తెలియకుండా నేయడం ఆయన రోజూ చేసే పని. పత్రికల్లో ఎన్నో సమీక్షలు చదివాను. కెమెరా పనికి ఇంతకు మించిన మెచ్చుకోలు నాకెక్కడా దొరకలేదు. గిన్నింగు మిల్లుల కూలీలు, నేతగాళ్లు, పత్తి బండ్లవాళ్లు నేల టికెట్టు కొని చూసిన సినిమాలివి. సీడెడ్, అంటే మా రాయలసీమ ప్రేక్షకుడికి ఫైట్లు తప్ప ఏమీ అక్కర్లేదని మద్రాసులోనూ హైదరాబాదులోనూ కూర్చుని తీర్మానించినవాళ్లు ఆ నేలలో ఒక్కరోజైనా కూర్చుని ఉండాల్సింది.

1966లోనే ‘గూఢచారి 116’ వచ్చింది. కృష్ణ హీరో, ఎం.మల్లికార్జునరావు దర్శకుడు, కెమెరా నగాయిచ్‌ది. తెలుగులో జేమ్స్‌బాండ్ తరహాకు అదే తొలి జెండా. ఆ కథనే మరుసటి ఏడు హిందీలో జితేంద్రతో ‘ఫర్జ్’గా తీస్తే దర్శకత్వం నగాయిచ్‌కు దక్కింది. జితేంద్ర జాతకం మారిపోయింది. నగాయిచ్ దారీ మారిపోయింది. రాజేష్‌ఖన్నాతో ‘ది ట్రైన్’, ‘మేరే జీవన్ సాథీ’, ధర్మేంద్రతో ‘కీమత్’, పిల్లల కోసం ‘రాణీ ఔర్ లాల్‌పరీ’, మిథున్ చక్రవర్తితో 1979లో ‘సురక్ష’, 1981లో ‘వార్దాత్’. గూఢచారులు, యంత్రాలు, వింత విలన్లు. బొంబాయి విమర్శకులు వాటిని చవకబారు సినిమాలని తీసిపారేశారు. డబ్బు చవకే, ఒప్పుకుంటాను. కానీ అంత చవకలో అంత సందడి తెర మీదకు తేవడం మద్రాసు ఫ్లోరులో మాస్క్ కత్తిరించినవాడికే చేతనవుతుంది. కెమెరామన్‌గా మొదలై దర్శకుడైనవాళ్లలో మన పొరుగు కన్నడిగుడు బి.ఎస్.రంగాకు దక్కిన మర్యాద ఈయనకు దక్కలేదు. రంగా ‘దేవదాసు’కు కెమెరా పట్టాడు, ‘తెనాలి రామకృష్ణ’ తీశాడు, ‘అమరశిల్పి జకణాచారి’తో కన్నడానికి రంగులు తెచ్చాడు, సొంత స్టూడియో కట్టాడు. ఆయన పేరు నిలిచింది, నిలవాల్సిందే. నగాయిచ్‌ను మాత్రం హిందీవాళ్లు మిథున్ సినిమాల డైరెక్టరనుకున్నారు, తెలుగువాళ్లు బొంబాయి వెళ్లిపోయినవాడనుకున్నారు. రెండు ఇళ్లలోనూ ఆయన ఫొటోకు గోడ లేకుండా పోయింది. ఆయన వెళ్లాక తెలుగు పౌరాణికం ఏం పోగొట్టుకుందో నాకు తెలిసి ఎవరూ లెక్క వేయలేదు. పది తలలు ఒకే నెగెటివ్ మీద ఎక్కించిన చేయి మన దగ్గర ఇంకో పదేళ్లు ఉండి ఉంటే!

ఇప్పుడు కోపం వచ్చే సంగతులకు వస్తాను.

కంప్యూటర్ మీద నాకు పగ లేదు. 1995లో ‘అమ్మోరు’ కోసం కోడి రామకృష్ణ పడ్డ శ్రమ తెలిసినవాడిని. ఆయన గ్రాఫిక్స్‌ను కథకు ఊడిగం చేయించాడు. ఆ వెనక వచ్చినవాళ్లలో చాలామంది కథనే గ్రాఫిక్స్‌కు ఊడిగం చేయించారు. మనిషి ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతుంది, వెనక కోట మీద కుడి నుంచి పడుతుంది. పాము పాకుతుంది, నేల మీద నీడ ఉండదు. వెయ్యిమంది సైనికులు పరుగెడతారు, ఒక్క కాలి కింద దుమ్ము లేవదు. ఇదంతా డబ్బు లేక జరిగే పాపమా? కాదు! ‘సీతారామ కల్యాణం’ తీసినవాళ్ల దగ్గర ఇంతకంటే తక్కువే ఉంది. చూసేవాడికి కన్నుందన్న భయం పోయింది, అంతే. తర్వాత సరిచేసుకోవచ్చన్న ధీమా కెమెరామన్ వెన్నెముకను తినేసింది. నగాయిచ్‌కు ‘తర్వాత’ అనేది లేదు. షట్టర్ తెరుచుకున్న క్షణమే ఆయనకు మొదలూ చివరా.

దీనికంటే పెద్ద ఘోరం పాత సినిమాలకు జరుగుతోంది. అవి దాదాపు చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేములో తీసినవి. ఇప్పటి టీవీలు వెడల్పు. ఆ వెడల్పు నింపడానికి కొందరు బొమ్మను సాగదీస్తారు, సావిత్రి కూడా లావెక్కిపోతుంది. ఇంకొందరు పైనా కిందా కోసేస్తారు. పది తలల ఫ్రేమును కోస్తే కిరీటాల కొసలు ఎగిరిపోతాయి. ఆ కొస దగ్గర మాస్క్ అంచు నిలపడానికే కదా నగాయిచ్ అంత తపించింది! గీతలు తుడుస్తున్నామని చెప్పి ఫిల్ము గరుకుతనాన్నంతా నున్నగా చెరిపేస్తే ముఖాలు మైనపు బొమ్మలైపోతాయి. 2010లో ‘మాయాబజార్’కు రంగులు వేసి విడుదల చేస్తే హాళ్లు నిండాయి, జనం సంతోషించారు. ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను. కానీ బార్ట్లీ దీపాలు పెట్టింది నలుపు తెలుపుల కోసం. చీరకు ఏ బూడిద రంగు, గోడకు ఏ బూడిద రంగు అని చూసి చూసి పెట్టిన వెలుగు అది. దాని మీద నీలం, ఆకుపచ్చ పూస్తే ఆ వెన్నెల వెన్నెల కాదు. పిల్లలకు రంగుల్లోనే చూపించాలనుకుంటే చూపించండి. అసలుది కూడా పక్కనే ఉంచండి, ఇదీ అసలైనదని చెప్పండి.

చెప్పాలంటే అసలుది ఉండాలి కదా! రఘుపతి ప్రకాశ్ తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ నుంచి మొదలుపెట్టి మన మూకీలను మనం నిలుపుకోలేదు. పూనాలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. అయినా మన ప్రింట్లెన్నో గోదాముల్లో ఎండకు మగ్గి, ఆఖరికి అందులోని వెండి కోసం కడిగేవాళ్ల చేతుల్లో పడ్డాయి. నెగెటివ్‌లో వెండి ఉంటుంది, నిజమే. కిలోల లెక్కన అమ్ముకున్నవాళ్లకు ఆ వెండి మీద ఎవరి ముఖం ఉందో పట్టలేదు. ప్రభుత్వాలు రఘుపతి వెంకయ్య పేరిట, బి.ఎన్.రెడ్డి పేరిట పురస్కారాలు అనుకున్నాయి, ఇచ్చాయి. పురస్కారాల మాట అటుంచి ముందు ఒక చల్లని గది కట్టండి. తేమ లేని, ఎండ తగలని, ఏడాదంతా ఒకే చలి ఉండే గది. ఒక స్టార్ సినిమాలో ఒక్క పాటకయ్యే ఖర్చుతో అది లేస్తుంది. అందులో మొదట పెట్టాల్సిన డబ్బాల్లో నగాయిచ్ తీసిన సినిమాలుండాలని నా పంతం. కెమెరామన్ పేరుతో ఒక పురస్కారం పెట్టాలనిపిస్తే బార్ట్లీకీ నగాయిచ్‌కూ కలిపే పెట్టండి. మా గొడవ మేం తర్వాత తీర్చుకుంటాం.

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు మూతపడ్డ టాకీసుల వారసులకు, ఒకప్పటి ఆపరేటర్ల ఇళ్లవాళ్లకు నాదొక విన్నపం. అటక మీద, ప్రొజెక్టర్ గదిలో పాత డబ్బాలు ఎక్కడైనా కనిపిస్తే పాతసామాన్లవాడికి వేయకండి. ఎండలో పెట్టి తెరవకండి. నీడలో మూత తీసి వాసన చూడండి. వెనిగర్ లాగా పుల్లటి వాసన కొడితే ఫిల్ము చెడిపోవడం మొదలైందని అర్థం. ఆ డబ్బాను మిగతావాటి పక్కన ఉంచవద్దు, ఆ వాసన వాటికీ అంటుకుని అవీ పాడవుతాయి. రీలు లాగి చూడాలనిపించినా లాగకండి. పెళుసెక్కి ఉంటే విరుగుతుంది. మొదటి రెండు మూడు అడుగులు అంచుల్లో పట్టుకుని వెలుగుకు పెట్టి చూస్తే చాలు, టైటిలు తెలియవచ్చు. పేరు కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. పూనా ఆర్కైవుకు ఉత్తరం రాయండి. టైటిల్సులో ‘ఛాయాగ్రహణం’ అన్న చోట ఎవరి పేరుందో మీకు తెలిస్తే అది కూడా ఆ కాగితం మీద రాయండి.